గోడవార మెత్తన

అందరూ అతన్ని బద్ద మేస్త్రి అనేవాళ్ళు. నేల చదును చేసేటప్పుడు వంకర లేని కర్రబద్ద ఒకటి చంకలో పెట్టుకుని తిరుగుతాడు కనక ఆ పేరొచ్చిందని అతను అనుకునేవాడు. మనిషి కూడా వంగడు కనక వచ్చిందని మిగతావాళ్ళు అనుకునేవాళ్ళు. రెండూ నిజమే.

చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకుంది. ఇంటి ముందు పచ్చిక వేయించాలి, దానికి ముందు నేల సిద్ధం చెయ్యాలి. "బయటివాళ్ళెందుకు, అన్నయ్య ఉన్నాడుగా," అని ఆమే అంది. ఆ మాటకు లోపల పొంగిపోయి, పైకి మాత్రం మొహం ముడుచుకుని, "చూద్దాంలే, తీరికుంటే," అన్నాడతను. తీరిక లేకేం. చిన్నప్పుడు చెల్లెలు పలక పట్టుకుంటే అతను పలుగు పట్టుకున్నాడు. ఆమె మొగుడు ఫ్యాను కింద కూర్చుని సంతకాలు పెట్టే మనిషి. ఆ ఇంట్లో తన గొప్ప కూడా ఒక్కటి కనబడాలని అతనికి ఎప్పటినుంచో ఉంది.

పనికి తోడు భార్యే. పెళ్ళయిన కొత్తలో తట్ట మొయ్యడానికి వచ్చింది. ఇప్పుడు తాడు లాగి కట్టడం, వాలు చూడటం, నేల గట్టిపడేట్టు దిమ్మిస కొట్టడం అన్నీ ఆమెకు చేతిలో పనులే. అతను బద్ద పెట్టి చూసేది ఆమె కాలితోనే చూసేది. దంతెతో సాపు చేసిన నేల మీద చెప్పులు విడిచి మెల్లగా నడిచేది. మడమ దిగిన చోట ఆగేది. ఆమె ఆగిన చోట నేల బాగుండటం అతను ఇంతవరకూ చూడలేదు. చూడలేదని ఒప్పుకోవడం వేరే సంగతి.

ఆ ఇంటి దగ్గర కూడా ఆగింది. గోడ పొడుగునా ఆగింది.

"ఇక్కడంతా మెత్తగా ఉంది. పునాది గుంతలో మట్టీ ఇటుకముక్కలూ కుమ్మరించి పైన కప్పెట్టేసి పోయారు ఇల్లు కట్టినవాళ్ళు. మోకాటి లోతు తీసెయ్యాలి. మళ్ళీ వరసలు వరసలుగా పోసి, ప్రతి వరసకీ నీళ్ళు పెట్టి, కొట్టుకుంటూ రావాలి."

"ఆదివారం బావ ఆఫీసులో పెద్దాయన టీకి వస్తున్నాడు. నీ వరసలు అయ్యేసరికి ఆయన రిటైరవుతాడు."

"దిగబడితే?"

"పచ్చిక కింద ఏముందో ఎవడు తవ్వి చూస్తాడే? పైన గీత తిన్నగా ఉంటే చాలు."

"గీత మీద ఎవరూ కూర్చోరుగా," అంది ఆమె.

"నాకు నేర్పకు!" అని ఆమె చేతిలో దిమ్మిస లాక్కున్నాడు. గోడవార తనే కొట్టాడు. కొట్టాడనేకంటే తట్టాడంటే సరిపోతుంది, నిద్రపోయే పసిపిల్లను తట్టినట్టు. గోడ దగ్గర నుంచి గేటు దాకా మిగతా నేలంతా ఆమె కొట్టింది. తరవాత ఇద్దరూ తాడు కట్టి, నీళ్ళు ఇంటివైపు రాకుండా బారకు రెండు వేళ్ళ వాలు పెట్టి, చాపల్లా చుట్టి తెచ్చిన పచ్చికను అంచుకు అంచు తాకించి పరిచారు. చూడటానికి ముచ్చటగా ఉంది. పైన పటారం, లోన లొటారం.

చెల్లెలి మొగుడు గుమ్మంలో నిలబడి చూసి, "అబ్బో, బావగారూ!" అన్నాడు.

"మన చెయ్యి పడ్డాక ఇంకేముంది బావా," అన్నాడు బద్ద మేస్త్రి.

ఇదంతా ఎదురింటావిడ రోజూ తన ప్రహరీ మీద మోచేతులు ఆనించి చూస్తూనే ఉంది. ఒంటరి మనిషి, పెద్దావిడ. ఆమె ఇంటి ముందు కూడా నేల బోసిగానే ఉంది. ఆదివారం పొద్దున్నే బద్ద మేస్త్రి భార్యను గేటు దగ్గరికి పిలిచింది.

"మా ముంగిలి కూడా నువ్వే చెయ్యాలమ్మా. నువ్వొక్కదానివే. మీ ఆయన మేకు కొట్టినా అరుస్తాడు, నా గుండె ఆగిపోతుంది."

ఆమె నవ్వాపుకుంటూ వచ్చి మొగుడికి చెప్పింది. ఇన్నాళ్ళలో ఆమెను ఆమెగా ఎవరూ పనికి పిలవలేదు. "ఇంకేం, మేస్త్రివి నువ్వే. నేను తట్ట మోస్తాలే," అన్నాడతను. నవ్వుతూనే అన్నాడు గాని ఆ నవ్వులో ఎక్కడో చిన్న ముల్లుంది. ఆమెకు అది గుచ్చుకున్నట్టు లేదు. పెట్టె అడుగున దాచుకున్న బట్టలు తీసి కట్టుకుంది.

సాయంత్రం గోడ నీడ పడ్డాక కుర్చీలు పచ్చిక మీద వేశారు. నీడ ఉండేది గోడవారే కదా, కుర్చీలూ గోడవారే. ఎదురింటావిడను కూడా పిలిచారు. పెద్దాయన నిజంగానే పెద్దాయన. ఆయన కూర్చుంటే కుర్చీ కనబడలేదు. టీ కప్పు అందుకుని, పచ్చికను కాలి బూటుతో రాసి, "బాగుందోయ్, ఎవరు చేశారు?" అన్నాడు.

"మా బావగారేనండి."

బద్ద మేస్త్రి కొంచెం ముందుకు జరిగాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన వెనక్కి వాలాడు. రోజూ నీళ్ళు పోసి తడిపిన నేల, కింద డొల్ల. కుర్చీ వెనక కాళ్ళు రెండూ చాకు వెన్నలోకి దిగినట్టు దిగాయి. మనిషి వెల్లకిలా పడ్డాడు. టీ ఆకాశానికి లేచి ఆయన చొక్కా మీదికే దిగింది. నలుగురూ కలిసి లేవదీయబోతే వాళ్ళ కాళ్ళూ చీలమండ దాకా పోయాయి.

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది బద్ద మేస్త్రికి. భూమి అప్పటికే చీలింది, కాని మింగింది వేరేవాణ్ణి.

"ఏమిటిది అన్నయ్యా!" అంది చెల్లెలు.

"ఇదేనా బావగారూ మన చెయ్యి?" అన్నాడు చెల్లెలి మొగుడు. అందరూ అతని వైపు చూశారు. భార్య చేతిలో బిస్కట్ల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది.

"గోడవార... దిమ్మిస మీ వదిన కొట్టింది," అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేట్టు. "ఆడవాళ్ళ చెయ్యి కదా, ఎంతని కొడుతుంది? నేను చూసుకోవలసింది."

ఆ చివరి మాట ఎంత పెద్దమనిషి తరహాగా వచ్చిందో తనకే వినబడింది. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. కాని నోరు జారిన మాట, కాలు జారిన పెద్దాయన, రెండూ వెనక్కి రావు.

ఆమె కాదనలేదు. అతని వైపైనా చూడలేదు. పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టి, పడ్డ కప్పులు ఏరడానికి వంగింది. అది చూస్తూ ఎదురింటావిడ మెల్లగా అంది: "అయితే మా ముంగిలి సంగతి తరవాత చూద్దాంలేమ్మా. తొందరేం లేదు."

"అలాగేనండీ," అంది ఆమె, నేల మీదినుంచి తల ఎత్తకుండా.

చెల్లెలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే వదినా, బాధపడకు. మగవాళ్ళ పని, అలవాటుండద్దూ?"

అలవాటు! ఆ అరచేతుల్లో కాయలు తన అరచేతుల కాయలకంటే గట్టివని బద్ద మేస్త్రికి తెలుసు. తల కొట్టేసినట్టయింది. అతిథులు టీ కోసం ఇంట్లోకి వెళ్ళారు. అతను పెరటిలోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. వచ్చి చూసేసరికి ఆమె మంచి బట్టలు పైకి దోపుకుని, గోడవార పచ్చిక చాపలు చుట్టి పక్కన పెట్టి, పార వేసి తవ్వుతోంది. మోకాటి లోతు. ఇటుకముక్కలు ఒకవైపు, మట్టి ఒకవైపు.

"నేను తవ్వుతా, ఇలా తే," అన్నాడు.

ఆమె పార ఇవ్వలేదు. తిట్టినా బాగుండేది.

అతను గేటు దాటి ఎదురింటికి నడిచాడు. పెద్దావిడ అప్పుడే ఇల్లు చేరి చెప్పులు విడుస్తోంది.

"అమ్మా, ఒక మాట. ఆ మట్టి మంచిది కాదండీ. కూలే మట్టి."

"మట్టి కూడా మీ ఆవిడే తెచ్చిందా?"

అతను నేల చూశాడు. ఆ నేల కూడా మెత్తగానే ఉన్నట్టుంది. "గోడవార కొట్టింది నేనండీ," అన్నాడు గొంతు తగ్గించి. "తను వద్దంది. తవ్వి మళ్ళీ పోద్దామంది. నేనే వినలేదు. మీ పని తనకే ఇవ్వండి."

పెద్దావిడ రెండో చెప్పు కూడా విడిచి పక్కన పెట్టింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆమెను అన్నప్పుడు నీ గొంతు మా ఇంటి దాకా వినబడేట్టు లేచింది. ఇప్పుడేమో పక్కనున్న నాకే వినబడటం లేదు. ఈ మాట ఇక్కడ కాదు నాయనా చెప్పాల్సింది."

తిరిగి వస్తుంటే వీధి అంత వెడల్పుగా ఎప్పుడూ లేదనిపించింది. పెద్దాయన చెల్లెలి మొగుడి చొక్కా తొడుక్కుని, బొత్తాలు పట్టక తెరిచే ఉంచి, పచ్చిక మీదుగా కారు దగ్గరికి వస్తున్నాడు. వెనక చెల్లెలూ ఆమె మొగుడూ, మిగతా అతిథులూ. బద్ద మేస్త్రి వాళ్ళకు అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యా, గోడవార దిమ్మిస నేనే కొట్టాను," అన్నాడు. గొంతు పలచగా వచ్చింది. మళ్ళీ గట్టిగా అన్నాడు. "నేనే కొట్టాను. మా ఆవిడ కొట్టిందని అబద్ధం చెప్పాను. అది కొట్టిన నేల ఇదిగో, మీరు నిలబడింది."

అందరూ కాళ్ళకింద చూసుకున్నారు. ఎవరి కాలూ దిగలేదు.

"ఎవరైతేనేమయ్యా, పడింది నేనేగా," అన్నాడు పెద్దాయన. కొందరు నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. ఆమె అన్నను అలా చూడటం అదే మొదలు. ఏదో పాత వస్తువు చేతిలోకి తీసుకుని, ఇది ఇంత తేలికా అని చూసినట్టు చూసింది. చెల్లెలి మొగుడు, "పోనిద్దురూ బావగారూ," అని కారు తలుపు తెరవడానికి వెళ్ళిపోయాడు. తన గొప్ప ఆ వాకిట్లో ఎవరికీ పెద్దగా అక్కర్లేదని, దానికోసం తను చేసిన పని మాత్రం అందరికీ తెలిసిపోయిందని బద్ద మేస్త్రికి అర్థమయింది.

కారు వెళ్ళిపోయింది. ఎదురింటావిడ తన గేటు దగ్గరినుంచే కేకేసింది. "ఏమమ్మా, ఆ గోడ పని అయ్యాక మా ఇంటికి రా."

"వస్తానండీ," అంది గుంతలోంచి ఆమె. అప్పటికి అడుగున మొదటి వరస పోసి ఉంది.

అతను దగ్గరికి వెళ్ళి దిమ్మిసకు చెయ్యి చాచాడు.

"అది వద్దు," అంది. మొగుడితో సాయంత్రం నుంచి అదే మొదటి మాట. "గొట్టం పట్టు."

గొట్టం తెచ్చి పట్టాడు. తడిసిన మట్టి బుడగలు వదులుతూ కుంగింది. నీళ్ళు ఇంకేదాకా ఇద్దరికీ చేసే పనేమీ లేదు. ఏదో ఒకటి అనాలని అతనికి తెలుసు. అక్కడ అంతమంది ముందు అన్నవాడికి, ఇక్కడ ఒక్క మనిషి ముందు నోరు పెగల్లేదు.

ఆమె దిమ్మిస ఎత్తి గోడ ఈ చివరినుంచి ఆ చివరకు కొట్టుకుంటూ వెళ్ళింది. చెప్పులు విడిచి, అదే దారిన మెల్లగా వెనక్కి నడిచింది. అతను ఆమె మడమ వైపే చూస్తున్నాడు. అతని ఎదురుగా వచ్చేసరికి మడమ దిగింది.

"ఇక్కడ ఇంకా మెత్తగా ఉంది," అంది. "నీళ్ళు పట్టు."