రేడియేటర్‌లో పసుపు

ఆదివారం భార్యతో వర్ధన్నపేటకు వెళ్తూ, డ్యాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకగానే వెంకట్రాజం కారును పక్కకు తీసి ఇంజన్ ఆపాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. అదృష్టం కొద్దీ ఎప్పుడూ రిపేరు చేసే ఓంప్రకాశ్ షెడ్డు దగ్గరే ఉంది. ఇద్దరు ముగ్గురు కలిసి అక్కడిదాకా నెట్టారు.

వెంకట్రాజానికి వరంగల్ స్టేషన్ రోడ్డులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. కారు కొని ఇరవై రెండేళ్లు. మూడు సిలిండర్లు, ఏడు వందల తొంభై ఆరు సీసీ అని బిడ్డ మార్కులు చెప్పినట్టు అందరికీ చెప్పుకునేవాడు. ఎండాకాలంలో రేడియేటర్ కారడం మొదలయ్యాక మాత్రం విసిగిపోయి, ‘ఇంకోసారి కారితే అమ్ముడే’ అని ఇంట్లో తేల్చేశాడు. చిత్రంగా ఆ తర్వాత చుక్క కారలేదు.

“ఇంజన్ పోయిందంటే రఘునాథపల్లి కిషన్ రావుకు రేపే ఇచ్చేస్త. ఎన్నాళ్ల సంది అడుగుతాండు,” అన్నాడు భార్య శకుంతలతో. ఆమె షెడ్డులో స్టూలు మీద కూర్చుని కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది.

ఓంప్రకాశ్ ఫ్యాను చూశాడు. బాగానే తిరుగుతోంది. ఇంజన్ చల్లారాక రేడియేటర్ విప్పి తలకిందులు చేస్తే, తొట్టిలో పచ్చటి ముద్ద పడింది.

“సేట్, ఇది రేడియేటరా, పప్పు గిన్నెనా? మా అమ్మ పప్పుల గూడ ఇంత పసుపు ఎయ్యది!”

“మజాకులు ఆపు. నీ షెడ్డుల తప్ప దాని మూత ఎవ్వరు తియ్యలే. నువ్వే ఏసినవ్.”

“నా పిల్లల మీద ఒట్టు, సేట్. లారీలోళ్లు ఏస్తరు ఇట్ల. తొవ్వల కారితే చెంచెడు పసుపు ఏస్తే తూటు మూసుకుంటది, ఊరు చేరతరు. ఊకె ఏస్తే లోపల సన్న గొట్టాలన్ని మూసుకపోయి నీళ్లే తిరగవు.”

“నేనే ఏసిన,” అంది శకుంతల.

వెంకట్రాజం తిరిగి చూశాడు.

“శనివారం శనివారం, మీరు దుకాణంల ఉన్నప్పుడు. మా అన్న లారీకి ఏస్తుండె. ఏసినంక కారుడు ఆగింది. ఆగిందని ఇంకింత ఏసిన.”

“ఎందుకు?”

“అమ్ముతా అంటిరి గద. ఆదివారం వర్ధన్నపేటకు మా చెల్లె ఇంటికి పొయ్యేటప్పుడే గద మీరు నా పక్కన కూసునేది. బస్సుల అయితే మీరొక దిక్కు, నేనొక దిక్కు. ఇంట్లనైతే సరే సరి.”

ఓంప్రకాశ్ ఇంజన్‌లో ఆయిల్ చూసే పుల్ల మీద చెయ్యి వేశాడు.

“ఆయిల్‌ల నీళ్లు కలిస్తే పాల చాయ లెక్క ఉంటది. అట్లుంటే గ్యాస్కెట్ పోయినట్టే, ఇంజన్ మొత్తం ఇప్పాలె.”

పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. శకుంతల లేచి నిలబడింది.

“నల్లగనే ఉంది. టైముకు ఆపినవ్, సేట్. ఇంజన్‌కు ఫికర్ లేదు. రేడియేటరే మార్చాలె.”

“మార్చు,” అన్నాడు వెంకట్రాజం.

“మళ్ల కారితే?” మెల్లగా అడిగింది శకుంతల.

“కారితే నాకు చెప్పు. నీళ్లు పోసుకుంటనే పోదాం.”

“రెండు గంటలైతది, సేట్. ఇంటికి పోయి రారాదుండ్రి.”

“ఇక్కడనే కూసుంటం,” అంటూ వెంకట్రాజం ఇంకో స్టూలు లాగి ఆమె పక్కనే వేసుకున్నాడు. “మీ చెల్లెకు ఫోన్ చెయ్యి, ఆలస్యమైతదని.”

“వండి పెట్టే ఉంటది. చల్లారిపోతది.”

“చల్లారిందే తిందాం.”