నీళ్ల జట్టు

బర్నీ ఊరి లైబ్రరీలోని ఆటల క్లబ్బులో ఒకే జాతి మృగాలతో జంటపోటీకి దిగేవాళ్లు రెండు రకాలు. ఇంకా పాలపళ్లు ఊడనివాళ్లు, పంతానికి పోయినవాళ్లు. మెర్విన్‌కి డెబ్బై ఒకటి. అతను ఆరుకి ఆరూ నీటి మృగాలనే పెట్టుకుని వస్తున్నాడని తెలియగానే అందరూ అతన్ని రెండో రకంలో కలిపేశారు. పెద్దాయనకి పైత్యం ఎక్కువైందని ఒకరిద్దరు చాటుగా నవ్వుకున్నారు కూడా. అసలు సంగతి ఆ జట్టు కట్టిన గ్లెనిస్‌కి తెలుసు. ఆమె నోరు విప్పలేదు. స్కూలు క్యాంటీన్లో వంట చేసే గ్లెనిస్ ఏదైనా చెప్పకుండా కడుపులో దాచుకోవడం ఆ ఊళ్లో అదే మొదటిసారి.

ఆట చేతిలో పట్టే చిన్న తెర మీద ఆడేది. మనిషికి ఆరు మృగాలు. ఒక్కో ఆటకి వాటిలోంచి నాలుగింటిని ఎంచుకోవాలి, రెండేసి చొప్పున బరిలోకి దింపాలి. నిప్పు, నీరు, గడ్డి, రాయి, మెరుపు అంటూ మొత్తం పద్నాలుగు జాతులున్నాయి. దేనికి ఏది గండమో, ఏ దెబ్బకి ఏది చలించదో అంతా బుర్రలో ఉండాలి. ఒక్కో ఎత్తుకి నలభై అయిదు సెకన్లే గడువు. ఆ పట్టిక మెర్విన్‌కి నాలుక చివర ఉండేది. కాగితం మిల్లు నడిచిన రోజుల్లో, చప్పుడు విని ఏ యంత్రంలో ఏ రోలరు పట్టేసిందో చెప్పిన మనిషి అతను. అలాంటివాడు మార్చిలో ఒక గురువారం వరసగా మూడుసార్లు రాతి మృగం మీద నిప్పు కురిపించాడు. అందరూ వేళాకోళం అనుకున్నారు. జూన్‌లో డాక్టరు దానికో పేరు పెట్టాడు.

ఆగస్టులో మెర్విన్ గ్లెనిస్ ఇంటికి వచ్చి, ఆమె ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన 'స్కాలప్ పై' సగం తిని, ఫోర్కు పక్కన పెట్టాడు.

"పట్టిక పోయింది గ్లెన్. నిన్న ఫ్రిజ్ తలుపు తీసి అలా నిలబడిపోయా. ఎందుకు తీశానో దానికైనా గుర్తుందేమోనని చూశా."

"అయితే అక్టోబరు పోటీకి రావా?"

"వస్తా. ఇదే ఆఖరు. నాలుగు గెలవాలి."

ప్రతి అక్టోబరులో టౌన్‌హాల్లో ఒక శనివారం ఆరు రౌండ్ల పోటీ జరుగుతుంది, రౌండుకి మూడు ఆటలు, రెండు గెలిస్తే ఆ రౌండు గెలిచినట్టు. నాలుగు రౌండ్లు గెలిచినవాళ్లకి ఆ ఏటి రేకు బ్యాడ్జి ఇస్తారు. అంగడికి తీసుకెళ్తే దానికి కాఫీ కూడా రాదు. కానీ పదకొండేళ్లుగా మెర్విన్‌కి ఒక్క ఏడు కూడా తప్పలేదు. పదకొండూ అతని టోపీకి ఉన్నాయి.

"వచ్చే ఏడు నువ్వెవరని నిన్నే అడుగుతానేమో. ఈ ఏటి బ్యాడ్జి మాత్రం ఉండాలి. ఇంకో మాట. ఎవరన్నా జాలిపడి నాకు ఆట వదిలేస్తే, ఆ బ్యాడ్జి తీసుకెళ్లి సముద్రంలో పడేస్తా. నువ్వైనా సరే."

"నేను జాలిపడే రకంలా కనిపిస్తున్నానా?"

"నీ 'పై' తింటుంటే అలాగే ఉంది. ఎప్పుడూ ఇంత వెన్న పెట్టవు."

మర్నాడు క్యాంటీన్లో రొట్టెలకి వెన్న రాస్తుండగా గ్లెనిస్‌కి ఆలోచన తట్టింది. పద్నాలుగు జాతుల గండాలు గుర్తుండకపోతే, అతని చేతిలో ఒక్క జాతినే పెడితే సరి. నీటికి గండాలు రెండే, గడ్డీ మెరుపూ. ఎదుట ఏమున్నా అతను ఆ రెండింటినే చూసుకుంటే చాలు. కాకపోతే ఒకే జాతి జట్టుకి ఓ పెద్ద తంటా ఉంది. ఎదుటివాళ్ల దగ్గర మంచి మెరుపు మృగం ఒక్కటుంటే చాలు, మొత్తం జట్టు వరసగా కూలిపోతుంది. దానికి విరుగుడు వెతకడానికి ఆమెకి మూడు వారాలు పట్టింది. వాన పిలిచే కప్ప దొరికింది, వానలో ప్రతి నీటి దెబ్బా ఒకటిన్నర రెట్లు అవుతుంది. గడ్డి మృగాల పని పట్టడానికి మంచు ఊదే కొంగని పెంచింది. అన్నిటికంటే ముఖ్యమైనది బురదవాలుగ. సగం నీరు, సగం మట్టి కాబట్టి దాన్ని మెరుపు ఏమీ చేయదు. పైగా తోడున్న మృగానికి అడ్డంగా వచ్చి దెబ్బ తన మీద వేసుకోగలదు. బలానికి అలదున్న అనే భారీ మృగం ఉండనే ఉంది. మిగతా రెండూ నిండుదనానికి.

అలదున్నకి పేరుమోసిన దెబ్బ ఒకటుంది, పోటు. సముద్రం పొంగినట్టు లేచి ఎదుటి రెండింటినీ కొడుతుంది, పక్కనున్న సొంత మృగాన్ని కూడా కొడుతుంది. గ్లెనిస్ దాన్ని తీసేసింది. మెర్విన్ మరిచిపోయి తన మృగాన్ని తనే చంపుకుంటాడని ఆమె భయం. దాని బదులు ఒక్కదానికే తగిలే సాదా నీటిధార పెట్టింది.

రెండు నెలలు వారానికి మూడుసార్లు కూర్చుని నేర్పింది. "అనుమానం వస్తే?" అని ఆమె అడిగేది. "వాలుగని అడ్డం పెట్టు" అని అతను అనేవాడు. కొన్నిరోజులు అయిదోసారికి గానీ అనేవాడు కాదు. అలాంటి రోజున గ్లెనిస్ వంటింట్లోకి వెళ్లి కాసేపు కుళాయి తిప్పి నిలబడేది. ఆ మనిషంటే ఆమెకి ప్రాణం. పెళ్లీ ప్రేమా కాదు, మరో పేరూ లేదు. పదకొండేళ్లుగా ప్రతి గురువారం ఎదురుగా కూర్చుని తనని ఓడించిన మనిషి, అంతే.

పోటీ రోజు హాలంతా వేయించిన ఉల్లిపాయల వాసన. అయిదు రౌండ్లు అయ్యేసరికి మెర్విన్ మూడు గెలిచి రెండు ఓడాడు. గ్లెనిస్ కూడా అంతే. సమానంగా గెలిచినవాళ్లనే ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఆరో రౌండు కాగితం గోడకి అంటించారు. తొమ్మిదో బల్ల దగ్గర మెర్విన్, గ్లెనిస్ అని ఉంది.

ఆ బల్ల దాకా నడిచేలోపు ఆమె ఓడిపోవాలని నిర్ణయించుకుంది. తెలివిగా, అతను పసిగట్టకుండా.

ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ జట్టు చీటీలు మార్చుకోవాలి. ఏ మృగం, దాని గుణమేమిటి, దెబ్బలేమిటి అన్నీ అందులో ఉంటాయి. ముందు రోజు సాయంత్రం పంపించిన జాబితానే అచ్చు వేసి ఇస్తారు, తర్వాత మార్చడానికి లేదు. చీటీ చదవడానికి నిమిషం టైముంటుంది. ఎంత తలపండిన ఆటగాడైనా ఆ నిమిషం కళ్లు పైకెత్తడు. గ్లెనిస్ మాత్రం మెర్విన్ చీటీని బోర్లించి దాని మీద టీ గ్లాసు పెట్టింది. తను కట్టిన జట్టే కదా, ఇంకా చదివేదేముందని ఆమె ధీమా.

మొదటి ఎత్తులో ఆమె మెరుపుడేగ, అతని అలదున్న ఎదురుపడ్డాయి. పసిపిల్ల కూడా అక్కడ మెరుపు వేస్తుంది. గ్లెనిస్ డేగ చేత రెక్కలు ముడిపించి కూర్చోబెట్టింది.

మెర్విన్ తల ఎత్తాడు. "ఆ మెరుపు ఎవరికోసం దాచుకున్నావ్?"

"జాగ్రత్తపడ్డాను."

"పదకొండేళ్లలో మొదటి ఎత్తుకి ఎప్పుడన్నా జాగ్రత్తపడ్డావా?"

మెర్విన్ ఆ ఆటకి ఓటమి ఒప్పుకునే మీట నొక్కేశాడు. పోటీ నడిపించే తాలియా పరుగున వచ్చింది. "మెర్వ్, పొరపాటున నొక్కారా?"

"లేదమ్మా, తెలిసే నొక్కా. మూడింట్లో ఒకటి ఈవిడది. రాసుకో." గ్లెనిస్ వైపు తిరిగాడు. "ఇప్పుడు నేను రెండూ గెలవాలి. ఆడతావా, లేచిపోనా?"

"ఆడతాను" అంది గ్లెనిస్.

రెండో ఆటలో నిజంగానే ఆడింది. డేగ మెరుపు వేస్తే వాలుగ అడ్డమొచ్చి మింగేసింది. ఆమె రాతిపంది ఆ వాలుగనే బండలతో బాది ప్రాణం పావువంతుకి దించింది. అప్పుడు మెర్విన్ తెర మీద నీళ్లు గోడలా లేచాయి.

పోటు. తను తీసేసిన పోటు.

'అయ్యో, ఎలా వచ్చింది? మరిచిపోయాడు, పక్కనే వాలుగ ఉందని మరిచిపోయాడు' అనుకుంది. నీరు విరుచుకుపడింది. రాతిపంది అక్కడికక్కడే కూలింది, డేగ సగమైంది. వాలుగ చావలేదు. పావువంతున్న ప్రాణం గటగటా తాగినట్టు నిండిపోయింది.

గ్లెనిస్ తెర మీదికి వంగి మళ్లీ చూసింది.

"నీ గ్లాసు కింద ఉంది. చదువుకో" అన్నాడు మెర్విన్.

ఆమె గ్లాసు తీసింది. చీటీ మీద గుండ్రంగా టీ మరక. బురదవాలుగ గుణం దగ్గర, ఆమె పెట్టింది కాకుండా, 'నీళ్లు తాగేది' అని ఉంది. నీటి దెబ్బ తగిలితే ప్రాణం పెరుగుతుంది. అలదున్న దెబ్బల్లో మొదటిది పోటు. దాచిందేమీ లేదు. ఎదుటి మనిషిని ఆటగాడనుకున్న ఎవరైనా ఆ నిమిషంలో చదివేవారు.

"ఎప్పుడు మార్చావు?"

"గురువారం. మళ్లీ మరిచిపోతానేమోనని ఇంట్లో అరవైసార్లు ఆడి చూశా. మరిచిపోయినా నా చీటీ నా ముందే ఉంటుందిగా." కాస్త ఆగాడు. "నువ్వు మంచి జట్టే కట్టావ్ గ్లెన్. కానీ అది పడిపోకుండా నన్ను పట్టుకునే జట్టు. నాకు గెలిచేది కావాలి."

"చదవకపోవడం నా తప్పే మెర్వ్."

"తప్పే మరి. ఆడు."

రెండో ఆట అతనిది. మూడో ఆటకి గ్లెనిస్ చీటీని మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది. తర్వాత కసిగా ఆడింది. కప్పని రెండో ఎత్తులోనే పడగొట్టింది, కొంగని మెరుపుతో కాల్చింది. తాలియా వచ్చి వెనక నిలబడింది. చివరికి ఆమెకి గాయపడిన డేగ ఒక్కటి మిగిలింది. అతని దగ్గర నూలుపోగంత ప్రాణంతో అలదున్న, దాని పక్కన వాలుగ ఉన్నాయి.

డేగ వేగం ఎక్కువ. అలదున్న మీద మెరుపు వేస్తే పని అయిపోతుంది, వాలుగ అడ్డం రాకపోతే. వస్తుంది. అనుమానం వస్తే వాలుగని అడ్డం పెట్టమని రెండు నెలలు నూరిపోసింది తనే. అందుకే మెరుపు మానేసి, రెండింటికీ తగిలే రెక్కలగాలి వేసింది. దానికి అడ్డం పడేవాళ్లుండరు.

మెర్విన్ వాలుగని అడ్డం పెట్టలేదు. అలదున్న కవచంలోకి దూరింది, ఆ ఒక్క ఎత్తుకీ దాన్ని ఏదీ అంటదు. వాలుగ గాలి తట్టుకుని బురద ఎత్తి డేగ ముఖాన కొట్టింది. డేగ పడిపోయింది.

మెర్విన్ తెర వంక చూస్తూ అలాగే కూర్చున్నాడు. గ్లెనిస్ చెయ్యి చాపింది, అతను రెండు చేతులతో పట్టుకున్నాడు. తాలియా బ్యాడ్జి తెచ్చి టోపీకి తనే పెట్టింది.

ఇంటికి గ్లెనిస్ కారు నడిపింది. కుడివైపు సముద్రం మీద ఇంకా ఎండ ఉంది. టోపీ ఒళ్లో పెట్టుకుని మెర్విన్ బ్యాడ్జిల మీద వేలు జరుపుతూ కూర్చున్నాడు. దారిలో సోమర్‌సెట్ ఊరు దాటాక అడిగాడు.

"ఆఖరి ఆట నీతోనేనా?"

"నాతోనే."

"నిజం చెప్పు. వదిలేశావా?"

"మొదటిది వదలబోయాను. నువ్వు పట్టేశావ్, చివాట్లు పెట్టావ్. తర్వాత రెండూ నువ్వే గెలిచావ్."

అతను తల ఊపాడు. విన్యార్డ్ ఊరి పొలిమేరలోకి వచ్చేసరికి మళ్లీ బ్యాడ్జిలు లెక్కపెట్టి, పన్నెండోదాని దగ్గర ఆగిపోయాడు. ముఖంలో అనుమానం.

"గ్లెన్, ఇది ఎవరన్నా జాలిపడి ఇచ్చిందా?"

ఆమె కారు పక్కకి తీసి ఆపింది. అతని వైపు పూర్తిగా తిరిగింది.

"జాలా? ఒళ్లు దగ్గర పెట్టుకుని, నాకు తెలిసిన విద్యంతా వాడి ఆడితే నన్ను చిత్తు చేశావ్! ఆ ఆట గెలిస్తే నాలుగోది నాదయ్యేది. ఈ ఏడు నాకు బ్యాడ్జి లేదు, ఎవరివల్ల? నీవల్ల! ఏడాదంతా ఆ తాలియాకి ముఖమెలా చూపించను?"

గొంతులో కోపం నిజమైనదే. అందులో ఒక్క మాట కూడా ఆమె కల్పించాల్సి రాలేదు.

మెర్విన్ ముఖం విచ్చుకుంది. "అంత బాగా ఆడానా?"

"దుర్మార్గంగా ఆడావ్."

"ఎలా గెలిచానో చెప్పు."

గ్లెనిస్ ఇంజిన్ ఆపేసి, టీ గ్లాసు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. రేపు మళ్లీ అడుగుతాడు. వచ్చే నెలా అడుగుతాడు. అడిగినన్నిసార్లూ చెబుతుంది.