ఫాల్గుణమాసపు ఫొటో

నేను ఒక జాబితా కార్డుని. గోదావరి ఒడ్డున పాత కాగితాలూ ఫొటోలూ దాచే ఒక భాండాగారంలో, కొయ్య సొరుగులో నా కాపురం. నన్ను టైపు చేసిన గవర్రాజుకి తప్పు చెయ్యడని పేరు. నా ముఖాన మూడు ముక్కలు కొట్టాడు: బాలికల పాఠశాల ఫొటో, పంతులమ్మ చేతిలో పసిబిడ్డ, తేదీ 1952.

ఆ తేదీ ఎక్కడిదంటారా? ఫొటోలో ఒక పిల్ల పట్టుకున్న పలక మీద 'నందన నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ పంచమి' అని ఉంది. గవర్రాజు గోడమీది తెలుగు సంవత్సరాల పట్టీ చూశాడు. నందన ఎదురుగా 1952 అని ఉంది. టకటకా కొట్టేశాడు. ఆ అంకె మోస్తూ నేనూ మహా దర్జాగా బతికాను.

పదేళ్ల కిందట హైమావతిగారు వచ్చారు. ఆవిడ తల్లి వర్ధనమ్మ ఆ బళ్లో పంతులమ్మ. ఈవిడ పుట్టిన రెండు నెలలకే జ్వరంతో పోయింది. ఇంట్లో తల్లి ఫొటో ఒక్కటీ లేదు. మా ఫొటో వెనక వర్ధనమ్మ పేరు చూసి ఆవిడ ముఖం వెలిగింది. తర్వాత నన్ను చదివారు.

"యాభై రెండా? అయితే ఈ బిడ్డ మా అన్నయ్యండి. నేను యాభై మూడు జనవరిలో పుట్టాను," అని నన్ను సొరుగులో పెట్టేసి వెళ్లిపోయారు. నేనేమో అన్నీ తెలిసినదానిలా కూర్చున్నాను.

మొన్న మౌనిక అనే ఉద్యోగిని మా అందరినీ కంప్యూటర్లో ఎక్కిస్తూ ఆ పలక చదివింది. "అయ్యో ఖర్మ! ఫాల్గుణం ఏడాదికి ఆఖరి నెల కదా! నందన యాభై రెండు ఉగాదికి మొదలైతే, ఫాల్గుణం వచ్చేసరికి యాభై మూడు ఫిబ్రవరి!" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. సందర్శకుల పుస్తకంలో నంబరు వెతికి, అప్పటికప్పుడు ఫోన్ చేసింది.

హైమావతిగారు చేతికర్రతో వచ్చారు. ఫొటోలో అందరూ కెమెరాని చూస్తున్నారు. వర్ధనమ్మ ఒక్కతే తల వంచి బిడ్డని చూస్తోంది.

"నన్నేనా తల్లీ?" అని మౌనికని అడిగారు.

"మిమ్మల్నేనండి. మీ అన్నయ్యగారు అప్పటికి పరుగులు పెడుతుంటారు."

ఆవిడ ఫొటో మీదికి వంగారు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశారు. నాకు దుఃఖం ఆగలేదు. పదేళ్లు ఆ తల్లీకూతుళ్లని విడదీసింది నేనే.

మౌనిక నా మీది 1952 కొట్టేసి, పెన్సిలుతో '1953 ఫిబ్రవరి' అని రాసింది. "బిడ్డ పేరు కూడా రాస్తానండి. మీ పూర్తి పేరు చెప్పండి."

"అప్పటికి నాకు పేరే లేదమ్మా. మూడో నెలలో పెడదామనుకున్నారట, ఈలోగా అమ్మ పోయింది. వర్ధనమ్మ కూతురు అని రాయి, చాలు."