లోడు దించకుండా

బియ్యం లారీ కింద నుంచి బుచ్చయ్య పెట్టిన కేక మిర్యాలగూడ మిల్లు మోతను చీల్చుకుని వచ్చింది. ధనుంజయ్ పరుగున వెళ్లి అతన్ని కాళ్లు పట్టి బయటికి లాగాడు. కుడిచెయ్యి మోచేతి కింద నుజ్జునుజ్జయి ఉంది. అది చూసి మిల్లు యజమాని జగదీశ్ అన్న మొదటి మాట ఏమిటో వినండి: "లారీ గేటుకు అడ్డం పడ్డది, ముందు దాన్ని పక్కకు గుంజుండ్రి!" మనిషి రక్తం మడుగు కడుతుంటే ఆ పెద్దమనిషికి గేటు బెంగ పట్టుకుంది!

ధనుంజయ్, బుచ్చయ్య ఇద్దరూ ఆ మిల్లు లారీల మెకానిక్కులు. ఆ రోజు మార్చాల్సింది టార్క్ రాడ్డు, అంటే వెనక ఇరుసు జరగకుండా పట్టి ఉంచే ఇనుప కడ్డీ. దాన్ని విప్పాలంటే ముందు లోడు దించాలి, చక్రాలకు అడ్డాలు పెట్టాలి, ఇరుసును జాకీల మీద నిలపాలి. జగదీశ్ దించనివ్వలేదు. "రెండు బోల్టులకు బస్తాలన్ని దించుడేంది? గట్లనే కొట్టుండ్రి" అన్నాడు. చివరి బోల్టు ఊడిందో లేదో, బరువు మీదున్న ఇరుసు ఒక్క ఉదుటున తన్నింది. రాడ్డుకూ ఛాసిస్‌కూ మధ్య చెయ్యి నలిగిపోయింది.

తప్పు ఒక్క జగదీశ్‌దేనా? ధనుంజయ్‌కి మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఆ యార్డులో ఒక కట్టుబాటు ఉంది. బండి కిందికి దూరేవాడు "కింద మనిషి!" అని అరుస్తాడు. పక్కనున్నవాళ్లు వచ్చి అడ్డాలూ జాకీలూ చూసి "సూసినం!" అనాలి. అప్పుడే బోల్టు మీద దెబ్బ పడాలి. రానురాను అది ఉత్త మాటైపోయింది. ఆ పొద్దున బుచ్చయ్య అరిస్తే, టీ తాగుతున్న హమాలీలు, వాళ్ల మధ్యన ధనుంజయ్, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే "సూసినం!" అన్నారు.

మర్నాడు ఉదయం జగదీశ్ అందరినీ యార్డులో నిలబెట్టాడు. పక్కన ఎస్సై.

"బుచ్చయ్య తాగి బండి కిందికి పోయిండు. మీరందరు సూసిన్రు గదా? సార్‌కు చెప్పుండ్రి."

బుచ్చయ్య భార్య సైదమ్మ అదే మిల్లులో బస్తాలు కుడుతుంది. సూర్యాపేట దవాఖాన నుంచి అప్పుడే వచ్చి ఆ మాట విన్నది.

"చెయ్యి తీసేసిన్రు. ఇగ పరువు గూడ తీస్తరా? ఆయన నోట్ల సుక్క పడంగ ఏనాడన్న సూసిన్రా? చెప్పుండ్రి అన్నా!"

"సేటుతోని మనకెందుకు పంచాతి? పని పోతది" అని ఒక హమాలీ గొణిగాడు.

"మరి రేపు గా బండి కిందికి నువ్వు పోతవా?" అని ఇంకొకడు కసిరాడు.

ధనుంజయ్ ముందుకొచ్చాడు. భయమూ ఉంది, సిగ్గూ ఉంది.

"సార్, నిన్న మేం సూడకుండనే సూసినమన్నం. గది మా తప్పు. బుచ్చన్న చెయ్యి పోయింది. ఇయ్యాల మళ్ల సూడనిది సూసినమని చెప్పం. లోడు దించొద్దని సేటు ఆపిండు. గది మాత్రం కండ్లార సూసినం!"

"సూసినం!" అని వెనక నుంచి ఒక గొంతు. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే యార్డంతా అదే మాట.

జగదీశ్ మొహం ఎర్రబడింది. "మీరు లేకుంటే బండి ఆగుతదా?" అంటూ కోదాడ నుంచి పిలిపించిన మెకానిక్ సుధీర్‌ను ముందుకు తోశాడు. సుధీర్ వంగి లారీ కిందికి చూశాడు. రాడ్డు ఒక కొస ఊడి వేలాడుతోంది. దాని మీద రక్తం ఎండిపోయి ఉంది.

"లోడు దించలేదేంటండీ?"

"నీకెందుకయా? బిగించు."

"నాకెందుకేంటండీ! కిందికెళ్లేది నేనేగా?" అని సుధీర్ పానాల సంచి మూతి కట్టి, వెళ్లి హమాలీల పక్కన కూర్చున్నాడు. అంత ఉద్రిక్తతలోనూ జనం ఫక్కున నవ్వారు.

ఆ నవ్వే జగదీశ్‌కు మంట పెట్టింది. అతను కనుసైగ చేశాడు, ఎస్సై ధనుంజయ్ కాలర్ పట్టుకున్నాడు. "పని ఆపిస్తున్నవా? నడువ్ స్టేషన్‌కు!" అడ్డుపడ్డ సైదమ్మను పక్కకు నెట్టి ధనుంజయ్‌ను జీపులోకి తోశాడు.

"లోడు దించేదాక ఎవ్వరు కిందికి పోవద్దు!" జీపు కదిలినా ధనుంజయ్ అరుస్తూనే ఉన్నాడు.

"ఇగ నాటకం ఖతం. ఎవని పనికి వాడు పోండ్రి" అని జగదీశ్ ఆఫీసు గదిలోకి నడిచాడు.

ఇందాక పని పోతదని గొణిగిన హమాలీ లారీ ఎక్కి టార్పాలిన్ తాడు విప్పాడు.

"ఎవడు దించమన్నడురా?" అని జగదీశ్ లోపలి నుంచి గద్దించాడు.

"మేమే అనుకున్నం సేటూ!"

కింద హమాలీల వీపులు వంగాయి. బస్తాలు గోదాము వైపు పోలేదు. మొదటిది ఆఫీసు గుమ్మంలో ధబ్బున పడింది. దాని మీద మరొకటి. గుమ్మం సగం మూసుకుపోయాక సైదమ్మ వచ్చి నిలబడింది.

"ఎస్సైకు ఫోన్ చేసి మా ఆయన తాగలేదని నీ నోటితోని చెప్పు. ధనుంజయ్‌ను ఇడిపియ్యి. గప్పటిదాక ఈ బస్తాలు గీడనే ఉంటయి."

జగదీశ్ నోరు తెరిచేలోపు ఇంకో బస్తా పడింది.