నూట పన్నెండు బోర్లు

అప్లికేషన్‌లో ఆఖరి ప్రశ్న దగ్గర తండ్రీ కూతుళ్ళకు పేచీ వచ్చింది. చదువుకు అడ్డం వచ్చిన ఇబ్బంది ఏదైనా ఉంటే చెప్పమని అడిగారక్కడ. సునంద చెబుతానంది. ఈరన్న వద్దన్నాడు.

సునందకు అక్షరాలు నిలవవు. ఇందాక చదివిన మాటే మళ్ళీ ఎదురైతే కొత్తగా ఉంటుంది. ఊళ్ళో అందరూ మొద్దు అన్నారు. ఈరన్న కూడా అన్నాడు, కొట్టాడు. ఇంటర్‌లో లెక్చరర్ ఉమాదేవి అనంతపురంలో డాక్టరుకు చూపిస్తే, దాన్ని డిస్లెక్సియా అంటారని, తెలివి తక్కువ కాదని తేలింది. అప్పట్నుంచి పరీక్షల్లో సునంద చెబుతుంటే ఇంకొకరు రాశారు. మంచి మార్కులే వచ్చాయి.

ఇప్పుడు బెంగళూరు దగ్గరి ఒక పెద్ద కాలేజీలో భూగర్భశాస్త్రం సీటుకు అప్లికేషన్ పెడుతోంది. ముప్పై సీట్లు, వేలమంది పిల్లలు.

"గొర్రెను అమ్మేటోడు ఇది కుంటిదని తనే చెప్పుకుంటాడా మేడమ్?" అన్నాడు ఈరన్న, అప్లికేషన్ నింపుతున్న ఉమాదేవితో.

"నేను గొర్రెను కాదు నాయనా," అంది సునంద. "చెప్పకుండా పోతే ఆడ నాలుగేండ్లు దాచిపెట్టుకొని బతకల్ల. నాతో కాదు."

ఉమాదేవి, సునంద చెబుతుంటే ఉన్నదున్నట్టు టైపు చేసింది.

ఇంటర్వ్యూ కంప్యూటర్లో జరిగింది, బుక్కరాయసముద్రంలో ఉమాదేవి ఇంట్లో. ఈరన్న గడప దగ్గర, తెర మీద కనబడకుండా కూర్చున్నాడు. అవతల ముగ్గురు. వాళ్ళలో శ్రీరంగప్ప అనే ప్రొఫెసరు తెలుగువాడు; సునంద మాటలు మిగతా ఇద్దరికీ ఇంగ్లీషులో చెబుతున్నాడు.

"రాసుకోవడం కష్టమన్నావు. మరి ఏదైనా ఎట్లా గుర్తుపెట్టుకుంటావమ్మా?" అని అడిగాడాయన.

"మా ఊళ్ళో బోర్లు చెప్తా సార్. చిన్నప్పట్నుంచి బోరు బండి యాడికొస్తే ఆడికి పోయి కూర్చుంటాంటి. నూట పన్నెండు చూసినా."

"ఒకటి చెప్పు."

"తిప్పయ్య మామ బోరు. నలభై అడుగుల దాకా ఎర్రమన్ను. ఆమీద బూడిద రంగు దుమ్ము. రెండొందల పది కాడ తెల్లటి పలుగురాయి తగిలి, నీళ్ళు పడినాయి. మారెక్క అవ్వ చేన్లో ఆరొందలు పోయినా దుమ్మే."

ఆయన ఇంకొకటి అడిగాడు. తర్వాత వరస తప్పించి నడిమధ్య బోరు ఏదో ఒకటి అడిగాడు. సునంద తడుముకోలేదు. ఏ లోతులో రాయి రంగు మారింది, ఎక్కడ చెమ్మ తగిలింది, అన్నీ చెప్పుకుపోయింది. మిగతా ఇద్దరూ రాసుకోవడం ఆపి చూస్తున్నారు.

"పలుగురాయి తగిలినవి పదిహేడు సార్. అవన్నీ ఒకే వరసలో ఉండాయి. ఊరికి పడమటి నుంచి గీత గీసినట్లు వస్తాయి. నీళ్ళు నిలిచింది ఆ గీత మీదనే."

"ఆ గీత సంగతి ఎవరు చెప్పారు నీకు?"

"ఎవురూ చెప్పలేదు. అన్నీ తలకాయలో పక్కపక్కన పెట్టి చూసినా. మా నాయన నాలుగు బోర్లు వేసినాడు. నాలుగూ గీతకు ఈ పక్కనే పడినాయి. అందుకే ఎండిపోయినాయి."

గడప దగ్గర ఈరన్న తలెత్తి కూతురి వంక చూశాడు. ఆ నాలుగు బోర్ల దగ్గరా అతను నిలబడే ఉన్నాడు. పైకి లేచిన దుమ్ము తప్ప ఏమీ చూడలేదు. తన రాత బాగాలేదనుకున్నాడు, గంగమ్మకు కోపమనుకున్నాడు. దుమ్ములో కూర్చున్న ఏడేళ్ళ పిల్ల కళ్ళముందు మాత్రం భూమి పొరపొరగా విచ్చుకుంటూ వచ్చింది. తను ఈ పిల్లనే మొద్దు అన్నాడు.

"ఇక్కడ చదివేది చాలా ఉంటుంది," అన్నాడు శ్రీరంగప్ప.

"పుస్తకం ఫోన్లో వింటా సార్. పరీక్షకు టైము ఎక్కువ కావల్ల. స్పెల్లింగు తప్పులు వస్తాయి. రావని చెప్తే అబద్ధం."

ఊరికి తిరిగి పోయే బస్సులో కూడేరు దాటాక ఈరన్న, "అక్షరాలు నీకెట్లా కనపడతాయి పాపా?" అని అడిగాడు. పదిహేడేళ్ళలో అతనీ మాట అడగడం ఇదే మొదటిసారి. సునంద దోవ పొడుగునా చెప్పింది. అతను దారిలో ఒక్క ఊరి పేరూ గమనించలేదు.

నెల తిరక్కముందే సీటొచ్చింది. పరీక్షల్లో అదనపు సమయం, పాఠాలు చదివి వినిపించే ఏర్పాటు కూడా ఇస్తామన్నారు. టీ అంగడి దగ్గర తిప్పయ్య ఆపి, "ఏమప్పా, చదవను రాదంటివి, ఆ పాపకు సీటెట్లా ఇచ్చినారు?" అన్నాడు.

"చదవను కష్టమే. దానికి డిస్లెక్సియా అని పేరుండాది. ఆ సంగతి వాళ్ళకు ముందే చెప్పింది మా పాప," అన్నాడు ఈరన్న. "కూర్చో తిప్పయ్యా, మిగతాది చెప్తా."