మా మనిషి

తేజస్వి అబద్ధం ఆడలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీరు ఆ పిల్లని అనవసరంగా ఆడిపోసుకోకుండా ఉంటారు. ఇంజనీరింగ్‌లో చేరిన మొదటివారం, క్యాంటీన్‌లో ఎవరో "మీదే ఊరు?" అంటే, "నూజివీడు దగ్గర. మా తోటలో..." అని ఏదో మొదలుపెట్టింది. ఆ తర్వాత చెప్పబోయింది ఎవరూ వినలేదు. నూజివీడు, తోట అనే రెండు మాటలు పక్కపక్కన పడేసరికి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి నోరూరింది. "అబ్బో, ఎన్నెకరాలేంటి?" అన్నారు. "పద్దెనిమిది" అంది. అదీ నిజమే. తోట పద్దెనిమిది ఎకరాలే. కాకపోతే అది వీరరాఘవయ్యగారిది.

ఆ మామిడితోటలో తేజస్వి వాళ్ళమ్మ సత్యవతి ఇరవై ఏళ్ళుగా కూలిపని చేస్తోంది. పాదులు తవ్వడం, నీళ్ళు పెట్టడం, కాయలు కోయడం, గడ్డి పరిచి మాగేయడం, అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరుగుతాయి. వీరరాఘవయ్యగారు విజయవాడలో ఉంటారు. ఏడాదికి రెండుసార్లు కారులో వచ్చి, అద్దం దించి, "కాపెలా ఉంది సత్యవతీ?" అని అడిగి, ఏసీ పోతుందని మళ్ళీ అద్దం ఎక్కించేస్తారు. ఏ చెట్టు ఏ ఏడు కాపు తప్పించిందో సత్యవతి చెప్పాలి. ఇరవై ఏళ్ళు ఇలా గడిచాక ఎవరైనా "మా తోట" అనే అంటారు. ఆయన ఎదురుగానే అంటారు, ఆయనా ఏమీ అనుకోరు. కాలేజీ క్యాంటీన్‌లో మాత్రం ఆ మాటకి అప్పటికప్పుడు పట్టాదారు పాసుపుస్తకం పుట్టుకొచ్చింది.

దిద్దొచ్చు కదా అంటారు. రేపు దిద్దుదాంలే అనుకుంది. ఆ రేపు రెండేళ్ళయినా రాలేదు. ఈలోగా "తోటవాళ్ళమ్మాయి" అనే పేరు వచ్చింది. క్లాసులో ముందు బెంచీ వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో చిక్కం కట్టిన వెదురు గెడతో కాయలు కోసి, చేతుల మీద కాయల జీడి కారి పొక్కులొస్తే, "ఏదో ఎలర్జీ" అంది. అది మాత్రం అబద్ధమేననుకోండి.

ఇలా ఉండగా కాలేజీలో సాహసయాత్రల క్లబ్బు వెలిసింది. దానికి పెద్దదిక్కు మెకానికల్ లెక్చరర్ కృష్ణకాంత్ సార్. ఆయన జీవితంలో చేసిన సాహసం పార్కింగ్ నుంచి స్టాఫ్‌రూమ్‌కి ఎండలో గొడుగు లేకుండా నడవడం. అయితేనేం, ఒంటినిండా జేబులున్న చొక్కా కొన్నారు, ఈల కొన్నారు, హిమాలయాల ఎత్తు బట్టీపట్టారు. క్లబ్బు నుంచి ఒక్కరిని ఖర్చులన్నీ కాలేజీయే పెట్టుకుని హిమాలయాలకి పంపుతుందని నోటీసు వేశారు. నలభై రెండు డిగ్రీల ఎండలో పుట్టి పెరిగిన తేజస్వికి మంచు మీద నడవాలని ప్రాణం లాగింది. ఫారం నింపింది. అందులో "ఆరుబయట గడిపిన అనుభవం" అని ఒక గడి ఉంది. ముందు బెంచీ కుర్రాడు "రిసార్టులో రెండు రోజులు" అని రాశాడు. రూమ్మేట్ హన్నా "మేకతో పోటీపడి గోడ దూకాను" అని రాసింది. పుట్టినప్పట్నించీ చెట్టుకిందే బతికిన తేజస్వి బాగా ఆలోచించి "లేదు" అని రాసింది. అనుభవం అంటే టెంటూ బూట్లూ ఉండాలి కదా మరి!

"ఎంపిక శిబిరం ఎక్కడ పెడదాం?" అన్నారు సార్. తరగతి మొత్తం తేజస్వి వైపు తిరిగింది. "మీ తోట ఉందిగా!" అన్నారు సార్, సొంత పెళ్ళికి కల్యాణమండపం దొరికినంత సంబరంగా.

తేజస్వి ఆ ఒక్క సీటు ఎక్కడ చెయ్యి జారుతుందోనని "అలాగే సార్" అనేసింది. వీరరాఘవయ్యగారికి ఫోన్ చేసి, కాలేజీ పిల్లలు చెట్లు చూడటానికి వస్తారండీ అంది. ఆయన కొమ్మలు విరగ్గొట్టకుండా చూసుకోమన్నారు. అమ్మకి మాత్రం చెప్పలేదు. ఆ శనివారం అమ్మ బాపులపాడు వైపు ఇంకో తోటలో కోతకి వెళ్తోందని కనుక్కుని, హమ్మయ్య అనుకుంది.

శనివారం పొద్దున్నే ముప్ఫై మంది దిగారు. నిమిషం నడిస్తే సెల్ఫీ, రెండు నిమిషాలు నడిస్తే బిస్కెట్లు. బంగినపల్లి చెట్టు పక్కన నిలబడి ఇదేం చెట్టని ఒకరు అడిగారు. కాయల్ని ముచ్చిక లేకుండా పీకేసి, జీడి మూతికి పూసుకుని ఇద్దరు లబలబలాడారు. తేజస్వి కళ్ళు మాత్రం దారి మీదే ఉన్నాయి. పదిన్నరకి ఆ దారిలోనే, నెత్తిన నీళ్ళబిందెతో, బాపులపాడులో కోత వాయిదా పడిన సత్యవతి వచ్చింది.

"పిల్లలొచ్చారని చెప్పారండీ, ఎండగా ఉంది గదా అని..." అంటూ బిందె దించింది.

"ఎవరీవిడ?" అన్నారు కృష్ణకాంత్ సార్, తేజస్వితో.

ముప్ఫై మొహాలు తేజస్వి వైపు చూస్తున్నాయి. అప్పుడు ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"మా మనిషి సార్."

సత్యవతి ఒక్కసారి కూతురి మొహంలోకి చూసింది. అంతే. పిల్ల బూట్లు చూసింది, చుట్టూ ఉన్న పిల్లల బూట్లు చూసింది, విషయం మొత్తం అర్థమైపోయింది. "దండాలండీ" అని సార్‌కి చేతులు జోడించింది. గ్లాసుతో అందరికీ నీళ్ళిచ్చి, ఆఖరున కూతురి దగ్గరికొచ్చి, "తీసుకోండి అమ్మాయిగారూ" అంది. తేజస్వికి తన మీద తనకే అసహ్యం వేసింది. అమ్మ అరిచినా బావుండేది, జుట్టు పట్టుకుని నాలుగు తగిలించినా బావుండేది.

కానీ అక్కడ సాహసం మొదలవ్వాలి కదా! సార్ శిరస్త్రాణం పెట్టుకున్నారు, నడుముకి తాళ్ళు బిగించారు, ఎక్కడానికి పెద్దరసం మామిడిచెట్టు ఎంచుకున్నారు. ఆకులు దగ్గరికి కుట్టిన ఉండలు కొమ్మకొకటి వేలాడుతున్నాయి.

"చూశారా, పిట్టగూళ్ళు! ప్రకృతి ఎంత గొప్పదో!"

"అవి పిట్టగూళ్ళు కావు సార్, ఎర్రచీమలు. ఆ చెట్టు వద్దు" అంది తేజస్వి.

"ఎక్కమాకండి సారూ, పీక్కు తినేస్తయ్" అంది సత్యవతి కూడా.

"భయమే మన మొదటి శత్రువు" అన్నారు సార్, ఈల ఊది.

మొదటి శత్రువు సంగతేమో గానీ, రెండో శత్రువు పన్నెండడుగుల ఎత్తులో చొక్కా జేబుల్లోకి దిగింది. పాపం, జేబులు మరీ ఎక్కువాయె! ఆయన గింజుకున్నారు, కాలు జారింది, ప్రాణరక్షణ కోసం కట్టుకున్న తాడు బిగుసుకుపోయి ఆయన్ని కొమ్మకి వేలాడదీసింది. "అమ్మోయ్! దింపండ్రా!" అని సార్ కేకలు. సాహసయాత్రల క్లబ్బు సభ్యులు ధైర్యంగా ఫోన్లు తీసి వీడియో మొదలుపెట్టారు.

తేజస్వి బూట్లు విప్పి విసిరేసింది. చున్నీ నడుముకి బిగించి, ఉత్తకాళ్ళతో మానుని కరుచుకుని పైకి పోయింది. ఆ కాళ్ళకి ఆ చెట్టు బాగా తెలుసు. కింద సత్యవతి తలెత్తి కొమ్మ కొమ్మనీ చూస్తోంది.

"ఎడంపక్క కొమ్మ పట్టుకోకే, పుచ్చింది!" అని అరిచి, నాలిక కరుచుకుని, "పుచ్చిందండీ!" అంది.

చిక్కం గెడ చివర కొడవలి కట్టి పైకి అందించింది. తేజస్వి ముందు సార్‌ని లావు కొమ్మ మీదికి లాగి కూర్చోబెట్టి, ఆ తర్వాతే తాడు కోసింది. "ఇక్కడ కాలెయ్యండి సార్. కిందికి చూడమాకండి" అంటూ చంటిపిల్లాడికి నడక నేర్పినట్టు దించింది. చీమలు ఆ పిల్ల మెడని కూడా వదల్లేదు.

సార్ మొహం బూరెలా పొంగింది. సత్యవతి తడిగుడ్డతో ఆయన మెడ తుడుస్తోంది. ఆయన రొప్పుతూనే అడిగారు.

"ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

తేజస్వి నోరు తెరిచేలోగా సత్యవతి అందుకుంది. "అమ్మాయిగారికి చిన్నప్పట్నించీ చెట్లంటే సరదా అండీ. వద్దంటే వినేవారు కాదు."

ఇక తేజస్వి వల్ల కాలేదు. "అమ్మా, ఆపు" అంది.

ఎవరూ పట్టించుకోలేదు. మన తెలుగులో ఎవరినైనా అమ్మా అనొచ్చు. కూరగాయలావిడనీ అనొచ్చు, బస్సులో కాలు తొక్కినావిడనీ అనొచ్చు.

"సార్, ఈవిడ మా అమ్మ" అంది ఈసారి గట్టిగా.

కృష్ణకాంత్ సార్ వాచిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశారర్రా! పద్దెనిమిది ఎకరాల తోట ఉండి కూడా, పనావిడని అమ్మ అంటోంది. అదీ సంస్కారం!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్తే చప్పట్లు కొట్టి మరీ దాన్ని అబద్ధం చేసేశారు. ఎంత చదువుకున్నారో చూడండి! హన్నా ఒక్కతే కొట్టలేదు. తల్లి గడ్డం, కూతురి గడ్డం మార్చి మార్చి చూస్తోంది.

"సంస్కారం కాదు సార్!" తేజస్వికి ఏడుపొచ్చేసింది. "నన్ను కన్నది ఈవిడే. ఈ తోట మాది కాదు. మేం ఇందులో కూలికి చేస్తాం. నేను ఆ చెట్టు ఎక్కేది సరదాకి కాదు, కాయలు కొయ్యడానికి. ఇందాక మా మనిషి అన్నాను చూడండి, అది... నాకు సిగ్గేసి అన్నాను."

చప్పట్లు ఆగిపోయాయి. వీడియో తీస్తున్నవాళ్ళు ఫోన్లు దించారు. కృష్ణకాంత్ సార్ సత్యవతి చేతిలోని తడిగుడ్డని చూశారు, తెగిన తాడుని చూశారు, చివరికి సంచిలోంచి ఫారాల కట్ట తీసి తేజస్విది వెతికారు.

"అనుభవం 'లేదు' అని రాశావేంటి మరి? ఫారంలో తప్పుడు సమాచారం ఇస్తే పేరు కొట్టేస్తానని చెప్పానా లేదా?" అన్నారు. ఆయనది కోపమో, వాపో తెలియలేదు.

హన్నా ఆ ఫారం లాక్కుని, "లేదు" కొట్టేసి, "పంతొమ్మిదేళ్ళు" అని రాసి, మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని మడతపెట్టి, చీమల్లేని జేబు వెతుక్కుని అందులో పెట్టుకున్నారు.

తేజస్వికి ఇవేవీ పట్టలేదు. తలొంచుకుని అమ్మ ఎదురుగా నిలబడింది. సత్యవతి కూతురి మెడ మీద పాకుతున్న చీమని గోటితో నలిపి పారేసింది.

"ఆ ముక్కేదో ముందే చెప్పి చావొచ్చు గదే, మొద్దు మొహమా! ఇందాకట్నించీ నిన్ను 'అండీ' అనలేక నా నాలిక పడిపోయింది" అంది, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.