పిలవని ఖీమా

పొద్దుగాల చాయ బండ్ల పొగ లేవకముందే స్టేషన్ ఘన్‌పూర్ రైల్వే గేటు పక్కన పద్మలత బండి మీద పెనం ఎక్కుతది. నూనె కాగినంక ఉల్లిగడ్డ, అల్లమెల్లిగడ్డ ముద్ద, దాని మీద రెండు పిడికిళ్ల మేక ఖీమా. ఖీమా పెనంల పడంగనే మేక ఒక్కసారి అరుస్తది. "మ్మే" అని, అంతే. అప్పుడే పద్మలత కారం వేస్తది. అరవకముందు కారం వేస్తే కూర చేదైతదని ఆ ఊర్ల చిన్నపిల్లకు గూడ తెలుసు.

బల్ల మీద కూసున్నోళ్లు ఫోన్లకెల్లి తల ఎత్తకుంటనే అడుగుతరు.

"అరిసిందా అక్కా?"

"అరిసింది. ప్లేటు పట్టు."

అరిసిన కూరంటే తాజా కూర. అరవని కూర ఎవ్వరు ముట్టరు. ఫ్రిజ్జుల ఎన్ని రోజులు పెట్టిందో, అసలది ఏం మాంసమో ఎవరికెరుక! ఇంకో సంగతి గూడ ఉన్నది. ఆ మేకను సాదినోళ్లు దగ్గర్లనే ఉంటే అది ఉత్తగ అరవదు, వాళ్లను పిలుస్తది. పోయినేడు మేకలు సాదుకునే ముసలి ఐలయ్య చాయ తాగుకుంట తన మేక గొంతు ఇన్నడు. గ్లాసు కింద పెట్టి పద్మలత బండి కాడికి నడిచిండు. తర్వాత "నిమ్మకాయ ఎక్కువ పిండు" అని ఒక ప్లేటు చెప్పిండు. ఏం చేస్తడు మరి? అమ్ముకున్నడు, ఆకలైంది.

గట్ల ఏండ్లకేండ్లు గేటు కాడ పద్మలతదే రాజ్యం. అంతల మమత దిగింది. మమత ఎవరో కాదు, పద్మలతకు సొంత యారాలు, మరిది సంతోష్ పెండ్లాం. హైదరాబాద్‌ల ఏదో హోటల్ల వంట చేసి, మొగనితోని వాపసు వచ్చి, సరిగ్గ పద్మలత పక్కనే బండి పెట్టింది.

"అక్క పక్కన ఉంటే నాకు ధైర్నం," అన్నది.

"మంచిది తియ్యి," అన్నది పద్మలత నోటితోని. కడుపుల మంట ఆ రోజే అంటుకున్నది.

మమత అమ్మేది టాకో. చిన్న జొన్నరొట్టెను కాల్చి, వేడి మీదనే మడిచి, నడుమల ఖీమా పెట్టి, పైన సన్నగ తరిగిన క్యాబేజీ, టమాట, పచ్చిమిర్చి, ఉప్పేసి గిలకొట్టిన గడ్డపెరుగు, ఆఖర్న నిమ్మరసం. ఖీమా అంటే ఖీమా కాదు. సోయాతోని, బఠాణీలతోని చేసిన ప్యాకెట్ ఖీమా. థర్మాకోల్ డబ్బల పెట్టి హైదరాబాద్‌కెల్లి రైల్ల పంపిస్తరు.

"బయటి దేశాలల్ల పెద్దకూరకు బదులు గిదే తింటరట అక్కా. రంగు సూడు, గది బీట్‌రూట్‌ది," అని మమత ముద్దను చిదిమి చూపెట్టింది.

గింజలు నూరి మాంసమని అమ్ముతది, మాట చూస్తే బెల్లం అనుకున్నది పద్మలత.

ఆ ఖీమా పెనంల పడితే మేక లేదు, గొంతు లేదు, సుయ్యిమని నూనె చప్పుడే. మమత దాన్ని కలపకుంట జరసేపు ఇడిచిపెడ్తది. అడుగు ఎర్రగ పట్టినంక గరిటెతోని గీకి తిరగేసి, జీలకర్ర పొడి, కారం, టమాట వేస్తది. ఆ వాసనకు గేటు పడ్డప్పుడు ఆగిన ఆటోలు గేటు లేసినా కదలకపోయేటియి.

"అరవని ఖీమా ఏం ఖీమా?" అని మొదట నవ్విన ఐలయ్యనే మల్ల రెండు తిన్నడు. "పిలిచేటోడు లేడు, పరేషాన్ లేదు. నిమ్మళంగ తినొచ్చు," అని ఊరంత చెప్పిండు. తన చేతి కూర ఇన్నేండ్లు తిన్న ముసలోడు మూతి అటు తిప్పినందుకు పద్మలతకు ఒళ్లు మండింది. ఆయనొక్కని మీదనా? అటు పోయే ప్రతి మనిషి మీద మండింది. అటు ఎగిరే ఈగ మీద గూడ మండింది. మమత బండికి కట్టిన రంగు లైట్లను చూసి పద్మలత మొగడు రాంచందర్ "మంచిగున్నయి గద" అన్నడు. ఆ రాత్రి రాంచందర్ కూరల ఉప్పు లేదు.

మమత లైట్లకన్న పెద్ద లైట్ల బోర్డు పెట్టాలని పట్టు పట్టింది పద్మలత. అందుకే ఇంటికాడి మేకపోతు పిల్లను అమ్మింది. తల్లి సచ్చిపోతే ఆమెనే పాలసీసతోని సాదిన పిల్ల అది. ఆకలైతే రెండుసార్లు చిన్నగ, ఒకసారి సాగదీసి అరిసేది. ఆమె ఏ పనిల ఉన్నా, చేతులు పిండిల ఉన్నా, "ఓ బిడ్డా, వస్తున్న" అని పలికేది. మరిపెడ నుంచి వచ్చిన బేరగాడు "సాదుకునేటోళ్లకే ఇస్తనక్కా, మీకెందుకు రంది" అన్నడు. ఆమె నమ్మింది. నమ్మాలె గనుక నమ్మింది.

బోర్డు వచ్చింది. జిగేలు జిగేలుమని మెరిసింది. ఆ వెలుగుల మమత బండి కాడి జనం ఇంకా మంచిగ కనబడ్డరు.

అంతల కార్తీకం వచ్చింది. ఊర్ల సగం మంది నీసు ముట్టరు. పద్మలత బండి కాడ ఈగలు, మమత బండి కాడ లైను. ఒక సోమవారం సందెపూట మమత కొంగుకు చేతులు తుడుసుకుంట వచ్చింది.

"అక్కా, రైల్ల డబ్బ వచ్చిందట. స్టేషన్‌కు ఉరికొస్త. జర బండి సూడవా?"

"పో, నేనుంట గద."

మమత గిన్నెల చిదిమిపెట్టిన ప్యాకెట్ ఖీమా ఉన్నది. పద్మలత కాడ, కసాయి జయపాల్ పొద్దున ఇచ్చిన మేక ఖీమా అమ్ముడుపోక, పెనం ఎక్కక అట్లనే ఉన్నది. రెండూ ఒకటే రంగు. ఒక్క పిడికెడు చాలు. పెనం మీద మేక అరుస్తది, కార్తీకం పట్టినోళ్లు తూ అని ఊసి పోతరు, ఇగ మమత బండిని ఈ గేటు కాడ ఎవ్వరు నిలవనియ్యరు. తప్పు చేస్తున్న అనిపించలే ఆమెకు. తనది తను వాపసు తీసుకుంటున్న అనిపించింది. పిడికెడు తీసి కలిపి, చెయ్యి కడుక్కున్నది.

మమత డబ్బ మోసుకోని వచ్చింది. "నువ్వు లేకుంటే నాకు ఎట్ల అయితుండె అక్కా," అన్నది. పద్మలత తన బండి కాడికి పోయి, తుడిచిన ప్లేటునే మల్ల తుడుసుకుంట నిలబడ్డది. గుడి నుంచి వచ్చిన ఆడోళ్లు, ట్యూషన్ పిల్లలు, ఐలయ్య, పద్మలతను తోల్కపోను వచ్చిన రాంచందర్, అందరు పెనం సుట్టు జమైండ్రు. మమత గిన్నె ఒంపింది.

పెనంల మేక అరిసింది. రెండుసార్లు చిన్నగ, ఒకసారి సాగదీసి.

"ఓ బిడ్డా, వస్తున్న!" అన్నది పద్మలత.

అప్పటికే చేతిల ప్లేటు కింద పెట్టింది. అప్పటికే ఆ పెనం దిక్కు నడిచింది. జనం మొకాలు తన దిక్కు తిరిగినంకనే, నోట్లకెల్లి మాట వచ్చిందని ఆమెకు తెలిసింది.

"ఛీ ఛీ, కార్తీకంల!" అని ఒకామె మమత మీదికి లేవబోయింది. ఐలయ్య చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఆగు బిడ్డా. ఆ మేక మమతను పిలవలే."

"ఏందే ఇది?" అన్నడు రాంచందర్.

అబద్ధమాడొచ్చు. జయపాల్ మీదికి తోయొచ్చు. గని పెనంల ఆ పిల్ల గొంతు ఇంకా ఆమె చెవులల్లనే ఉన్నది.

"నేనే కలిపిన," అన్నది. "ఓర్వలేకపోయిన. దీని బండి కాడ మందిని చూస్తే నాకు బువ్వ సైసలే, కండ్లకు నిద్ర రాలే. గందుకే కలిపిన. గని అది నా పిల్లనని నాకు తెల్వదు. మరిపెడల ఎక్కడనో ఆకు మేస్తున్నదనుకున్న." అని కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్చింది.

మమత పొయ్యి బంద్ చేసింది. తిడ్తదని అందరు చూసిండ్రు. ఆమె పెనంలకు వంగి చూసింది.

"దాని పేరేంది?"

"పేరు పెట్టలే. బిడ్డా అనే పిలుస్తుంటి."

మమత పెనం మీద మూత పెట్టింది. "తీస్కపో. ఏడ పాతిపెడ్తవో పెట్టు. నా పెనం కడిగి తే," అన్నది.

తెల్లారి పద్మలత పెనంల కొత్త ఖీమా పడ్డది. అరవలే. జయపాల్ అదే మాంసం తన ఇంటికాడ పొయ్యి మీద పెడ్తే ఊరంత ఇనవడేటట్టు అరిసింది. పద్మలత పెనంల మాత్రం ఉలుకు లేదు, పలుకు లేదు. కార్తీకం ఎల్లిపోయినా అదే తీరు. దానికెవ్వరు ఆశ్చర్యపడలే. "మేకలకు తెలిసింది," అన్నడు ఐలయ్య, పక్క బండి దిక్కు నడుసుకుంట. అరవని మాంసం ఎవరు తింటరు? పద్మలత బండి మూతపడ్డది.

కొన్నాళ్లకు మమత ఇంటి ముంగటికి వచ్చింది. గడప ఎక్కలే, మొకం చూడలే.

"రొట్టెలు నా ఒక్కదానితోని అయితలేవు. మడిస్తే పలుగుతున్నయి," అన్నది గోడతోని చెప్పినట్టు.

పద్మలత జొన్నరొట్టె చేతితోనే కొడ్తది. పలుచగ, మెత్తగ వస్తది, మడిస్తే పలగదు. అప్పటి నుంచి ఆమె మమత బండి మీద రొట్టెలు కొడ్తున్నది. ఇద్దరు పని మాటలే మాట్లాడుకుంటరు. కుళ్లు పోయిందా అంటే యాడికి పోతది? వచ్చినోళ్లందరు "మమత టాకో" అంటరు. అన్నప్పుడల్లా ఆమె చెయ్యి రొట్టె మీద జర గట్టిగ పడ్తది.

మొన్న ఒక కాలేజీ పిల్ల మొదటి ముక్క కొరికి, "లోపటి దానికంటే రొట్టెనే మస్తున్నది అక్కా," అన్నది.

"ఏమంటివి పిల్లా?" అన్నది పద్మలత. "రైలు చప్పుడుకు ఇనవడలే. జర గట్టిగ చెప్పు."

రైలు రాలే, పోలే. ఆ పిల్ల గట్టిగనే చెప్పింది. మమత చేతిల గరిటె ఆగింది. పద్మలత ఇంకో పిండిముద్ద తీసుకోని కొట్టబట్టింది.